ఆకు కాని ఆకు

సముద్రతీరంలోని మైపాడు, కోడూరు వైపు వెళ్తుంటే అలలు కంటబడకముందే హోరు వినిపిస్తుంది. సముద్రమే అనుకుంటాం. సగం హోరు సరుగుడు తోపుది. వరసల మధ్య ఇసుక బాటలో నడిస్తే నెత్తిమీద కొమ్మలు కలిసిపోయి, మధ్యాహ్నపు ఎండ కూడా పచ్చగా వడకట్టినట్టు దిగుతుంది. బ్రిటన్‌లో పాత ఉద్యానాల్లో యూ చెట్లను వంచి సొరంగాల్లా పెంచారు. మనకు ఆ చల్లని చీకటి కట్టెల కోసం నాటిన తోపుల్లో దొరుకుతుంది.

యూ చెట్టు పైన్, దేవదారుల వర్గానిది. సరుగుడు చూపుకు వాటి చుట్టంలా ఉన్నా, అది పూలు పూసే మొక్క. ఆ సూదులు ఆకులూ కావు. చిన్నప్పుడు ఒక పోచను కణుపు దగ్గర లాగి, మళ్లీ అతికించి, "ఎక్కడ తెంపానో చెప్పుకో" అని ఆడుకునేవాళ్లం. ఆకైతే అలా ఊడి అతకదు. ఆ పోచలన్నీ సన్నటి కొమ్మలే. అసలు ఆకులు కణుపు చుట్టూ చిన్న పళ్లలా, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది, పొలుసులై మిగిలాయి. ఆకులు చేయాల్సిన వంట పచ్చటి పోచే చేస్తుంది. దాని నిలువు గాళ్లలో, నూగు చాటున పత్రరంధ్రాలు దాగి ఉంటాయి. ఉప్పుగాలి ఎంత ఈడ్చికొట్టినా నీరు తొందరగా ఆవిరైపోదు.

హోరు కథ ఇంకా బాగుంటుంది. సన్నని పోచను దాటేటప్పుడు గాలి దాని వెనక అటొకటి ఇటొకటిగా సుడులు వదులుతుంది. స్ట్రౌహాల్ అనే శాస్త్రవేత్త 1878లో దీని లెక్క తేల్చాడు. పోచ మందం ఒక మిల్లీమీటరు, గాలి వేగం సెకనుకు 5 మీటర్లు అనుకుంటే, సెకనుకు దాదాపు 1000 జతల సుడులు పుడతాయి. ఒక్క పోచ ఈల మన చెవికి ఆనదు. లక్షల పోచలు, ఒక్కోటి ఒక్కో మందం, ఒక్కోచోట ఒక్కో గాలి. అన్నీ కలిస్తే అలల చప్పుడే.

ఒట్టి ఇసుకలో ఇంత ఏపుగా ఎలా పెరుగుతుంది? వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బాక్టీరియా కాపురముండి, గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చి ఇస్తుంది. అందుకే నాలుగైదేళ్లకే కోతకొచ్చి పరంజా గుంజలుగా, కాగితపు గుజ్జుగా మారుతుంది.

ఇంత మేలు చేసే చెట్టునైనా అలల అంచుదాకా నాటడం నాకు నచ్చదు. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికే వస్తాయి. వాటికి కావలసింది వేళ్లు అల్లుకోని వట్టి ఇసుక. తోపు కొంచెం వెనక్కి జరిగినా దాని హోరు మనకు వినిపిస్తూనే ఉంటుంది. తాబేలుకు మాత్రం గుడ్లు పెట్టుకోవడానికి ఆ ఇసుక అంచు తప్ప వేరే చోటు లేదు.