పిల్లలతో సిటీ చుట్టి రావాలా? మెట్రో ఎత్తు చూస్తుంది, ఆర్టీసీ వయసు అడుగుతుంది.. టికెట్ల లెక్క ఇదీ

అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఆదివారం ఎక్కడికైనా తీసుకెళ్లమని పిల్లలు వారం నుంచి ప్రాణం తీస్తున్నారు. కారు లేదు. బైక్ మీద నలుగురు కూర్చుంటే చలానా సంగతి తర్వాత, ముందు ప్రాణానికే ప్రమాదం. క్యాబ్‌లో రానూపోనూ అంటే చూడబోయే చోటి టికెట్ల కన్నా ప్రయాణానికే ఎక్కువ అవుతుంది. ఇలాంటి కుటుంబానికి హైదరాబాద్‌లో మెట్రో, ఆర్టీసీ సిటీ బస్సు, ఎంఎంటీఎస్ మూడూ ఉన్నాయి. అయితే 'పిల్లలు' అంటే ఎవరు అన్న విషయంలో ఈ మూడూ ఒక మాట మీద లేవు. అది ముందే తెలుసుకోకపోతే ఇంట్లో వేసుకున్న బడ్జెట్ కౌంటర్ దగ్గర తారుమారవుతుంది.

ఒకే పిల్లాడు, వేర్వేరు లెక్కలు

ఆర్టీసీ బస్సులో ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఐదు నుంచి 12 ఏళ్ల వరకు హాఫ్ టికెట్. రైల్వేదీ దాదాపు ఇదే పద్ధతి. ఎంఎంటీఎస్ లాంటి అన్‌రిజర్వ్‌డ్ రైళ్లలో ఐదేళ్ల లోపు ఉచితం, 12 ఏళ్ల లోపు సగం ఛార్జీ.

మెట్రోలో వయసుతో పని లేదు. అక్కడ చూసేది ఎత్తు. మూడు అడుగులు, అంటే 90 సెంటీమీటర్ల లోపు ఉన్న పిల్లలు పెద్దవాళ్లతో కలిసి ఉచితంగా వెళ్లొచ్చు. అంతకు ఒక్క అంగుళం దాటినా పెద్దవాళ్లకు ఎంతో వాళ్లకూ అంతే. హాఫ్ టికెట్ లేదు.

వినడానికి మూడు అడుగులంటే ఫర్వాలేదనిపిస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలు చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. వాటి ప్రకారం రెండున్నరేళ్లకే పిల్లల మధ్యస్థ ఎత్తు 90 సెంటీమీటర్లు దాటుతుంది. మూడేళ్లకు 95, 96 దగ్గర ఉంటుంది. అంటే ఇంకా ఎల్‌కేజీలో చేరని పిల్లలు కూడా చాలామంది మెట్రో లెక్కలో 'పెద్దవాళ్లే'. బస్సులో ఇంకో రెండేళ్లు ఒళ్లో కూర్చుని ఉచితంగా తిరగాల్సిన పిల్లాడికి మెట్రోలో ఫుల్ టికెట్ తీయాలి. స్టేషన్‌లో కొలత దగ్గర వాదన పెట్టుకునే కన్నా ఇంట్లోనే గోడకు నిలబెట్టి చూసుకుంటే ఒక పని అయిపోతుంది.

కుటుంబాలను మెట్రో వైపు రప్పించాలంటే ఈ నిబంధన మారాల్సిందే అన్నది ఈ రచయిత అభిప్రాయం. బస్సు, రైలు దశాబ్దాలుగా హాఫ్ టికెట్ ఇస్తున్నప్పుడు మెట్రోకు అది అసాధ్యమేమీ కాదు.

నలుగురికీ ఎంత అవుతుంది?

2025 మేలో మెట్రో ఛార్జీలు పెరిగాయి. ముందు గరిష్ఠ ఛార్జీని రూ.75గా ప్రకటించినా, 10 శాతం తగ్గింపు ఇవ్వడంతో అది రూ.69 దగ్గర ఆగింది. కనిష్ఠం రూ.11. మధ్యలో దూరాన్ని బట్టి శ్లాబులు ఉన్నాయి. ఆరు నుంచి తొమ్మిది కిలోమీటర్లకు రూ.37, తొమ్మిది నుంచి 12 కిలోమీటర్లకు రూ.47, 24 కిలోమీటర్లు దాటితే రూ.69.

పైన చెప్పిన కుటుంబం మియాపూర్‌లో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగిందనుకోండి. బాబు మూడు అడుగులు దాటాడు కాబట్టి నాలుగు ఫుల్ టికెట్లు. ఒకవైపు రూ.276, రానూపోనూ రూ.552. దారిలో ఒక వాటర్ బాటిల్ కూడా కొనకముందు ఖర్చు ఇది.

అదే కుటుంబం సిటీ ఆర్డినరీ లేదా మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే లెక్క తలకిందులవుతుంది. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణకు చెందిన మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు, అన్ని వయసుల ఆడపిల్లలకు ఈ బస్సుల్లో ఛార్జీ లేదు. అమ్మకు, పాపకు జీరో టికెట్. బాబుకు ఐదేళ్లు నిండలేదు కాబట్టి ఉచితం. డబ్బులిచ్చి టికెట్ కొనాల్సింది నాన్న ఒక్కడే. 2025 అక్టోబరులో సిటీ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 చొప్పున పెంచారు. అయినా ఈ కుటుంబానికి పడిన భారం ఒక్క టికెట్ మీదే.

ఇక్కడ పొరపాట్లు జరిగే చోట్లు ఉన్నాయి. పేర్లో 'మెట్రో' ఉంది కదా అని మెట్రో డీలక్స్ ఎక్కితే ఉచితం వర్తించదు. ఏసీ బస్సుల్లోనూ అంతే. ఉచితమే కదా అని జీరో టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు, అడిగి తీసుకోవాలి. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపించాలి. జిరాక్స్ కాపీ, ఫోన్‌లోని ఫొటో చెల్లవని, చిరునామా ఉండని పాన్ కార్డు పనికిరాదని ఆర్టీసీ అధికారులు మొదటి నుంచీ చెబుతున్నారు. అమ్మ ఆధార్‌తో పాటు పాప ఆధార్ కూడా బ్యాగులో పెట్టుకోండి.

ఇద్దరూ మగపిల్లలైన ఇంట్లో పరిస్థితి వేరు. నాన్నకు ఫుల్, ఐదేళ్లు దాటిన ఒక్కో అబ్బాయికి ఒక్కో హాఫ్. ఇలాంటి వాళ్లకు ఒకప్పుడు ఎఫ్-24 అనే ఫ్యామిలీ టికెట్ ఉండేది. 2023లో తెచ్చిన ఈ టికెట్‌తో సెలవు రోజుల్లో నలుగురు రూ.300కు 24 గంటలపాటు సిటీ బస్సుల్లో తిరిగే వీలుండేది. 2024 జనవరి 1 నుంచి దాన్ని ఆపేశారు. మహాలక్ష్మి జీరో టికెట్లతో కండక్టర్లకు పని పెరిగిందని, ఈ టికెట్లకు గుర్తింపు కార్డులు, వయసు చూసి ఇవ్వడానికి సమయం పడుతోందని అప్పట్లో కారణం చెప్పారు. ఇంటర్నెట్‌లో పాత వార్తలు చూసి ఇప్పటికీ కొందరు ఎఫ్-24 అడుగుతుంటారు. కండక్టర్‌తో గొడవ వద్దు, అది లేదు.

ఏది ఎప్పుడు ఎక్కాలి?

రెండింట్లో ఒకటే ఎంచుకోవాలని ఏమీ లేదు. పొద్దున పిల్లలు హుషారుగా ఉంటారు, నిలబడాల్సి వచ్చినా గొణగరు. ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా బయలుదేరితే ఆదివారం బస్సులో సీట్లు దొరికే అవకాశం ఎక్కువ. సాయంత్రానికి సీన్ మారిపోతుంది. చిన్నాడు నిద్రలో తూలుతుంటాడు, పెద్దది కాళ్లు నొప్పులంటుంది, బస్సులు కిటకిటలాడుతుంటాయి. డబ్బు పెట్టేదేదో తిరుగు ప్రయాణానికి పెట్టండి. పొద్దున బస్సు, సాయంత్రం మెట్రో. స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది, రైల్లో ఏసీ ఉంటుంది, ట్రాఫిక్ బాధ లేదు. మియాపూర్, ఎల్బీనగర్ ఉదాహరణలో రూ.552 కాస్తా రూ.276, పైన నాన్న బస్ టికెట్‌కు తగ్గుతుంది.

ఎంఎంటీఎస్ అన్నిటికన్నా చవక. లింగంపల్లి, హఫీజ్‌పేట, బోరబండ వైపు ఉండేవాళ్లకు నెక్లెస్ రోడ్డు, సంజీవయ్య పార్క్ స్టేషన్లు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే దింపుతాయి. ఇంత సూటిగా పార్కుకు చేర్చే రైలు నగరంలో మరొకటి లేదు. చిక్కల్లా రైళ్ల మధ్య ఉండే సమయమే. ఆదివారాల్లో దక్షిణ మధ్య రైల్వే కొన్ని సర్వీసులను రద్దు చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి వెళ్లే రైలు కన్నా ముందు వచ్చే రైలు ఎన్నింటికో చూసుకుని బయలుదేరండి.

ఎక్కడికి వెళ్లాలి?

ఏ చోటు అన్నదానికన్నా ముందు ఏ వారం అన్నది చూడాలి. నెహ్రూ జూ పార్కుకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పండగ శుక్రవారం వచ్చింది కదా అని ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ మ్యూజియం గేటు దాకా వెళ్లి, తాళం చూసి, ఎదురుగా బండి మీద చెరకు రసం తాగి ఇంటికొచ్చిన అనుభవం ఈ రచయితకు ఉంది. తప్పు పూర్తిగా మాదే. బోర్డు మీద సెలవు రోజు స్పష్టంగానే రాసి ఉంది.

రైలు మారే పని లేని చోటు ఎంచుకుంటే సగం అలసట తగ్గుతుంది. రెడ్ లైన్ మీద ఉండేవాళ్లకు అసెంబ్లీ స్టేషన్ మంచి ఎంపిక. అక్కడి నుంచి పబ్లిక్ గార్డెన్స్‌కు పిల్లలతో నడిచి వెళ్లొచ్చు. లోపల చెట్ల నీడ, పరిగెత్తడానికి ఖాళీ స్థలం ఉన్నాయి. స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. స్కూలు పుస్తకంలో పిరమిడ్ బొమ్మ చూసిన పిల్లలకు అది నాంపల్లిలో ఉందంటే నమ్మకం కుదరదు. అటుపక్క నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉంది. 1985 నుంచి నడుస్తోంది. గుట్ట ఎక్కాలి కాబట్టి ఎత్తుకోవాల్సిన వయసు పిల్లలుంటే అక్కడి వరకు ఆటో మాట్లాడుకోవడం మేలు.

సాలార్‌జంగ్‌కు ఎంజీబీఎస్‌లో దిగాలి. రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ అక్కడికి వస్తాయి. కాస్త దూరం నడవాలి, లేదా ఆటో. పిల్లలు ఉన్నారంటే అక్కడ చేరాల్సిన సమయం ఒకటుంది. మ్యూజికల్ క్లాక్‌లోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి ప్రతి గంటకూ గంటలు కొడుతుంది. మధ్యాహ్నం 12కు అయితే పన్నెండు సార్లు కొడుతుంది. అప్పటికి ముందు వరసలో చోటు దొరకాలంటే కనీసం పావుగంట ముందు అక్కడ ఉండాలి.

జూకు మెట్రో లేదు. సికింద్రాబాద్ నుంచి 7జెడ్ బస్సు ఉంది. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి, అఫ్జల్‌గంజ్ నుంచి బహదూర్‌పురా మీదుగా వెళ్లే బస్సులు పట్టుకోవచ్చు. 1963లో తెరిచిన ఈ జూ ఎంత పెద్దదంటే, లోపలి నడకకే పిల్లల బలమంతా అయిపోతుంది. మూసే దాకా ఉంటే గేటు బయట బస్టాపులో అందరూ ఒకేసారి గుమిగూడతారు. నాలుగింటికే బయటపడితే సీటు దొరుకుతుంది. మాదాపూర్ శిల్పారామానికి బ్లూ లైన్‌లో హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర.

బస్సెక్కే ముందు తేల్చుకోవాల్సినవి

సిటీ బస్సులో ఆడవాళ్లు ముందు డోర్, మగవాళ్లు వెనక డోర్ ఎక్కడం అలవాటు. రద్దీలో కుటుంబం రెండు ముక్కలవుతుంది. ఏ పిల్లలు ఎవరితో, దిగే స్టాప్ పేరేంటి అన్నది స్టాపులోనే మాట్లాడుకోండి. నాన్న వెనక టికెట్ తీసుకున్నాడు కదా అని ముందున్న అమ్మ, పాప జీరో టికెట్ తీసుకోకపోవడం, అమ్మ తీసుకుందనుకుని నాన్న ఊరుకోవడం.. చెకింగ్ వచ్చినప్పుడే బయటపడే పొరపాట్లు ఇవి. బస్సు ఎక్కడ ఉందో ఆర్టీసీ 'గమ్యం' యాప్‌లో చూసుకోవచ్చు. ఎండలో పిల్లల్ని నిలబెట్టే సమయం కొంతైనా తగ్గుతుంది.

మెట్రోలో ఒక స్మార్ట్ కార్డును నలుగురికీ వాడలేరు. ఒక్కొక్కరికి ఒక్కో టికెట్ ఉండాలి. వాట్సాప్‌లో క్యూఆర్ టికెట్లు తీసుకుంటే నాలుగూ ఒకే ఫోన్‌లో ఉంటాయి కాబట్టి పిల్లల్ని ముందు పంపించి, ఫోన్ పట్టుకున్నవాళ్లు చివర్లో గేటు దాటాలి. రైల్లో తినకూడదు. పులిహోర డబ్బా స్టేషన్ బయటే ఖాళీ చేయండి.

చిన్న పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. పాత పద్ధతే కానీ, ఫోన్ నంబరు నోటికి రాని వయసుకు ఇంతకన్నా మంచిది లేదు. తప్పిపోతే 112కు ఫోన్ చేయొచ్చు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

చివరగా, సెలవులకు గుంటూరు నుంచో విజయవాడ నుంచో అమ్మమ్మ వచ్చి ఉంటే ఆమెను జీరో టికెట్ లెక్కలో వేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం అక్కడి బస్సులకే, అక్కడి మహిళలకే. ఏపీ ఆధార్ ఇక్కడ పనిచేయదు, ఆమెకు ఫుల్ టికెట్ తీయాలి. వేసవి సెలవుల్లో మనవరాలు అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు అక్కడి బస్సులో డబ్బులు కట్టాల్సిన వంతు మనవరాలిది. ఐదు నుంచి 12 ఏళ్ల మధ్య ఉంటే హాఫ్ టికెట్ సరిపోతుంది.