ఇసుక మీద తుప్పు

సరదాపడి కొన్న ఉప్పునీటి అక్వేరియం. నెల తిరక్కుండానే తెల్లటి ఇసుక మీద తుప్పులాంటి పొర. కంగారుపడిన యజమాని నాచు చంపే మందు కోసం దుకాణానికి పరుగెడతాడు. తప్పు జరిగేది అక్కడే.

ఆ పొర డయాటమ్ అనే సూక్ష్మ నాచు. కొత్త ఇసుకలో, కుళాయి నీటిలో ఉండే సిలికా దాని ఆహారం. అది తగ్గితే సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. జుట్టులా పెరిగే పచ్చ నాచు అంత మర్యాదస్తురాలు కాదు. నైట్రేట్, ఫాస్ఫేట్‌లతో బతుకుతుంది. వాటిని ఎక్కువగా అందించేది యజమాని ప్రేమకొద్దీ వేసే మేతే.

చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి సుమారు 4 నుంచి 6 వారాలు కావాలి. ఈలోగా మందు పోస్తే చచ్చిన నాచు కుళ్లి, నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. మందులో రాగి ఉంటే నత్తలు, రొయ్యలు కూడా దక్కవు.

సిలికా లేని ఆర్వో నీరు (ఖనిజాలు తిరిగి కలిపే వంటింటి యంత్రానిది పనికిరాదు), రోజుకు 8 గంటల వెలుతురు, తగ్గించిన మేత, నాచు మేసే టర్బో నత్తలు. వైద్యం ఇంతే. మిగిలింది ఓపిక.

తొందరపాటుకు బలయ్యేది చేపలు. క్లౌన్ చేపల్లాంటి కొన్నింటిని హేచరీల్లో పెంచుతున్నా, సముద్రపు అలంకార చేపల్లో అధిక భాగం నేటికీ పగడపు దిబ్బల దగ్గర పట్టినవే. చచ్చినదాని స్థానంలో కొనే చేపా చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది.