ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఖర్చు ఎవరిది?

వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితమే. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ దిమ్మె ఎక్కేదాకా మాత్రం రైతుకు చేతిచమురు వదులుతోంది.

వరి పొట్టకొచ్చే వేళ మోటార్లన్నీ ఒక్కసారే తిరుగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలేదీ అప్పుడే. దాని కింది రైతులు మోటారుకు ఇంతని చందా వేసుకుంటారు. ట్రాక్టరు మాట్లాడి, ఎత్తడానికి దింపడానికి మనుషుల్ని పెట్టి, మరమ్మతు కేంద్రానికి తోలుకుపోతారు. ఇద్దరు పనులు మానుకుని అక్కడ కాచుకుంటారు. ఈ ఖర్చు ఏ రసీదులోనూ కనిపించదు.

ఒకప్పుడు పంపుసెట్లకూ మీటర్లుండేవి. పొలాల్లో చెదురుగా ఉన్న బావుల వద్దకు మనిషిని పంపి రీడింగు తీయించి, బిల్లు వసూలు చేయడం విద్యుత్ బోర్డుకు తలకు మించిన పనయింది. మీటరు లెక్క పోయి హార్స్‌పవర్ లెక్క వచ్చింది. 1983లో అధికారానికి వచ్చిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చాలంది. 2004 మే 14న వై.ఎస్.రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో అదీ పోయింది. బిల్లుతోపాటు, బిల్లు కట్టేవాడికి ఆఫీసులో ఉండే పలుకుబడి కూడా పోయిందనుకోవాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు మండళ్ళు వచ్చాయి. ఛార్జీలపై బహిరంగ విచారణ జరపడమే కాక, పనులకు గడువులు పెట్టడమూ మండలి విధి. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలన్నది అలాంటి గడువే. దాటితే రైతు పరిహారం కోరవచ్చు.

కోరేవారేరీ? వచ్చేది కొద్ది మొత్తం. అర్జీ రాయించడానికి, టౌనుకు వెళ్ళిరావడానికి అంతకు మించి అవుతుంది. పైరు ఎండుతుంటే ఎవరు తిరుగుతారు? రేపు మళ్ళీ అదే లైన్‌మన్‌తో పని పడుతుందన్న జంకు సరేసరి. రైతు అడగడు గనుక గడువు దాటిన సంగతి మండలి లెక్కకెక్కదు. కాగితాల్లో అంతా సవ్యంగానే ఉంటుంది.

నిజానికి ట్రాన్స్‌ఫార్మర్‌ను దింపడం, తరలించడం, తిరిగి బిగించడం విద్యుత్ సంస్థ పనే. కాలిన వెంటనే 1912కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు, వేళ రాసి ఉంచుకోవాలి. గడువు దాటితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు తెల్లకాగితంపై అర్జీ పెట్టవచ్చు. ప్లీడరు అక్కరలేదు. ట్రాక్టరుకు చందా వేసుకునే రైతులే కలిసి ఒక్క అర్జీ మీద సంతకాలు చేస్తే, బస్సు ఛార్జీ ఒక్కరికి సరిపోతుంది.