ఉమ్మెత్త: వెర్రి పుట్టించేదీ అదే, ప్రాణం నిలిపేదీ అదే

వినాయక చవితి పూజకు తెచ్చే 21 పత్రులలో ఉమ్మెత్త ఆకు ఒకటి. శివుడికి ఆ పువ్వంటే ప్రీతి అని భక్తుల నమ్మకం. మిగతా రోజులలో మాత్రం దాని వంక చూసేవారుండరు. రోడ్ల పక్కన, పొలం గట్ల మీద, పెంటదిబ్బల దగ్గర ఎవరూ నాటకుండానే అది పెరుగుతుంది. పిల్లలు ఆ ముళ్లకాయను కోస్తే పెద్దలు కోప్పడి పారేయిస్తారు.

పెద్దల భయంలో నిజముంది. ఈ మొక్కకు సంస్కృతంలో ఉన్న పేర్లలో ‘ఉన్మత్త’ ఒకటి. వెర్రెత్తినది అని దాని అర్థం. గింజలు కడుపులో పడిన అరగంట, గంటలోనే నోరు పిడచ కట్టుకుపోతుంది. కంటిపాపలు పెద్దవై చూపు మసకబారుతుంది. ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, మూత్రం బిగుసుకుపోతుంది. ఆ తరువాత లేని మనుషులు కనిపిస్తారు. రోగి వారితో మాట్లాడతాడు, గాలిలో ఏదో ఏరుతున్నట్లు చేతులాడిస్తాడు, కన్నతల్లిని కూడా గుర్తుపట్టడు. తేరుకున్నాక జరిగిందేదీ సరిగా జ్ఞాపకముండదు. మోతాదు మించితే ప్రాణమే పోతుంది. ప్రయాణికులకు తినుబండారాలలో కలిపి పెట్టి దోచుకునే దొంగలు ఈ గింజలనే వాడేవారు.

మద్రాసు నుంచి సీమకు

అయినా ఈ విషాన్ని వైద్యులు వదిలిపెట్టలేదు. ఉబ్బసం వచ్చినవారికి ఎండిన ఉమ్మెత్త పొగ పట్టించడం మన దేశంలో పాత అలవాటు. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ దానిని గమనించాడు. 1802లో జనరల్ జెంట్ అనే అధికారి ద్వారా ఈ చికిత్స బ్రిటన్ చేరింది. ఆ తరువాత వందేళ్లకు పైగా పాశ్చాత్య దేశాల మందుల షాపుల్లో ఈ జాతి ఆకుతో చేసిన ‘ఆస్తమా సిగరెట్లు’ అమ్మారు.

జపాన్‌లో హనావోకా సైషూ అనే వైద్యుడు 1804లో ఉమ్మెత్త, వత్సనాభి కలిసిన కషాయంతో 60 ఏళ్ల స్త్రీకి మత్తు కలిగించి, రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేశాడు. అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్సను బహిరంగంగా చేసి చూపింది 1846లో. అంటే దానికి 42 ఏళ్ల ముందు మాట ఇది.

పురుగుమందుకు విరుగుడు

ఉమ్మెత్తలోని ముఖ్య పదార్థాలు అట్రోపిన్, స్కోపొలమిన్ వర్గానికి చెందినవి. నరాల నుంచి కండరాలకు, గ్రంథులకు కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఇవి అడ్డుకుంటాయి. ఊపిరి గొట్టాలు సడలేదీ, మెదడు దారి తప్పేదీ ఈ కారణం వల్లనే.

పొలాలకు కొట్టే ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తాయి. అవి ఒంట్లోకి చేరితే ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. చొంగ కారుతుంది, చెమట పోస్తుంది, కంటిపాపలు సూదిమొనలవుతాయి, ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. అప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే ప్రధానమైన విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. ఊపిరి తేటపడేవరకు డాక్టర్లు దానిని విడతలు విడతలుగా ఎక్కిస్తారు. గుంటూరు, వరంగల్ వంటి పత్తి, మిరప ప్రాంతాలలో ఈ మందు ఎన్ని ఇళ్ల దీపాలు ఆరకుండా కాపాడిందో అక్కడి డాక్టర్లకు తెలుసు.

ఉబ్బసం, దమ్ము రోగులు నేడు పీల్చే ఇప్రట్రోపియం, టయోట్రోపియం కూడా ఈ వర్గం మందులే. మెదడులోకి అంతగా పోకుండా వాటి నిర్మాణాన్ని మార్చారు గనుక అవి వెర్రి పుట్టించవు. ప్రయాణంలో వాంతులు ఆపడానికి స్కోపొలమిన్ వాడతారు. తీవ్రమైన మనోవ్యాకులత కొందరిలో ఈ మందుతో కొద్ది రోజుల్లోనే తగ్గిందని అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2006లో ప్రకటించారు. తరువాతి పరీక్షలన్నీ దానిని బలపరచలేదు. అందువల్ల మనోవ్యాధికి అది ఇంకా నిలదొక్కుకున్న చికిత్స కాదు.

ఆకు వేరు, మందు వేరు

ఇంతటి గుణమున్నప్పుడు ఇంట్లోనే ఆకు నూరుకుంటే పోలేదా అని ఎవరికైనా తోచవచ్చు. చిక్కు అక్కడే ఉంది. విషం పాలు మొక్కకూ మొక్కకూ, ఆకుకూ గింజకూ మారుతుంది. ఒకరికి ఏమీ చేయని పసరు మరొకరిని చంపవచ్చు. పురుగుమందు తాగినవారికి ఆకు పసరు పోయడం ప్రాణాలతో చెలగాటమే. వారిని క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

కుక్క కరిస్తే ఉమ్మెత్త ఆకు బెల్లంతో పెట్టే అలవాటు కొన్ని పల్లెలలో ఉంది. పిచ్చికుక్క కాటు చికిత్సలో సుశ్రుతుడు కూడా ఉమ్మెత్తను చెప్పాడు. కాని రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. గాయాన్ని వెంటనే 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడగాలి. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. ఆకు మీద నమ్మకంతో పోగొట్టుకున్న రోజులు మళ్లీ రావు.

పిల్లలెవరైనా పొరపాటున ఉమ్మెత్త కాయ తింటే, మిగిలిన ముక్కను వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. తిన్నదేమిటో చూపితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.