మాంసపు కోళ్ల ప్రేగులలో జంట తెగుళ్లు

మాంసమునకై కోళ్లను పెంచు రైతులు రెండవ వారము మొదలు అయిదవ వారము వఱకు మిక్కిలి మెలకువతో నుండవలయును. ప్రేగులకు సోకు రెండు తెగుళ్లు ఈ వయసుననే తఱచుగా జంటగా వచ్చును. మొదటిది రెండవదానికి తలుపు తీయును.

మొదటి శత్రువు కాక్సీడియా యను ఏకకణ పరాన్నజీవి. రెట్టతో వెలువడు దీని బీజములు, ఊక తడిగాను వెచ్చగాను ఉన్నయెడల, ఒకటి రెండు దినములలో పక్వమై అంటించు శక్తిని పొందును. ఊకను పొడుచుచు వానిని మ్రింగిన పిల్ల ప్రేగుపొరలో ఈ జీవులు చొచ్చి, పెరిగి, కణములను పగుల్చుకొని వెలికి వచ్చును. ఇందలి జాతులలో నొకటి నెత్తురు విరేచనములు కలిగించును. చిన్నప్రేగును పాడుచేయు జాతుల విషయమున మాత్రము రెట్టలో నెత్తురు కానరాకపోవచ్చును. కావున నెత్తురు లేదని నిశ్చింతగా నుండరాదు.

రెండవ శత్రువు క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అను బాక్టీరియా. ఇది ఆరోగ్యవంతమైన కోడి ప్రేగులలోను కొలదిగా నుండును. అప్పుడు హాని చేయదు. కాని కాక్సీడియా వలన పొర చినిగినచోట నెత్తురులోని మాంసకృత్తులు ప్రేగులోనికి కారును, జిగురు అధికముగా నూరును. ఈ రెండును బాక్టీరియాకు విందుభోజనమే. అది విపరీతముగా పెరిగి విషమును గ్రక్కును. అట్టి విషములలో కణములకు రంధ్రములు చేయు నెట్‌-బి అనుదానిని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. చచ్చిన కోడిని కోసి చూచిన, ప్రేగు వాయువుతో నుబ్బి, లోపొర కుళ్లి పసుపుగా నుండును. తెగులు స్వల్పమైనచో కోళ్లు చావవు. మేత తినుచునే బరువు పెరుగవు. ఈ కనబడని నష్టమును తూకము నాడు గాని రైతు గుర్తింపడు.

కావున మొదటి తెగులును ఆపుటయే రెండవదానికి మేలైన చికిత్స. నీటిపాత్రలక్రింద తడిసిన ఊకను వెంటనే తీసివేసి, మిగిలినదానిని తిరుగవేసి పొడిగా నుంచవలయును. పిల్లలను క్రిక్కిఱిసి యుంచరాదు. సామాన్యమైన క్రిమిసంహారక ద్రవములకు కాక్సీడియా బీజములు చావవు గనుక వానినే నమ్ముకొనరాదు. మేతలో కాక్సీడియా మందు కలుపుట, టీకా వేయించుట అను మార్గములు గలవు. అయితే సజీవ టీకా వేసినపిమ్మట ఆ మందు కలిపిన టీకా వ్యర్థము కావచ్చును. మేతలో చేపపొడి మితిమీరరాదు.

కోళ్లు చచ్చినపుడు వానిని పాఱవేయక పశువైద్యునిచే కోయించి కారణము తెలిసికొనుడు. కాక్సీడియాను విడిచి బాక్టీరియాకు మాత్రమే మందు పోయుట, గండి పూడ్చక నీరు తోడుటవంటిది.