మధుమేహము – గుండెపోటు

అనంతపురము వర్షము కొఱవడిన పీఠభూమి. అచ్చట వేరుసెనగ చేలలో పనిచేయు రైతునకు చెమట పట్టుట, ఆయాసము కలుగుట వింత గాదు. కాని ఆ రైతు మధుమేహ రోగియైనచో, ఆ లక్షణములను ఎండదెబ్బ యనియో, వాయువనియో ఉపేక్షింపరాదు. అవి గుండెపోటునకు సూచనలు కావచ్చును.

గుండెకు రక్తము నందించు ధమనిలో కొవ్వు పేరుకొని, దానిపై రక్తము గడ్డకట్టి దారి మూసినపుడు గుండెపోటు వచ్చును. రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో ధమనుల లోపొర చెడును. రక్తపోటు, నడుము చుట్టు కొవ్వు, పొగత్రాగుట తోడైనచో కీడు ఇనుమడించును. ఆ చక్కెరయే నరములను గూడ మొద్దుబార్చును. కావున మధుమేహులలో కొందఱికి రొమ్మునొప్పి తెలియకయే గుండెపోటు వచ్చును.

నొప్పి లేనందున చికిత్స ఆలస్యమగును. ఆలస్యమైన కొలది గుండె కండరము నశించును. గడ్డను కరిగించు మందు మొదటి గంటలలోనే మిక్కిలి మేలుచేయును. 12 గంటలు దాటిన పిదప దాని ప్రయోజనము స్వల్పము. ఆసుపత్రి చేరునాటికి చక్కెర మిక్కిలి హెచ్చియున్న రోగి కోలుకొనుట మఱింత కష్టము.

బాలలారా! మీ యింట మధుమేహముగల తాతయో, అవ్వయో నీడను పరుండినను చెమట ఆరకున్నచో, కాలయాపన చేయక 2005లో మన రాష్ట్రమున ప్రారంభమైన 108 వాహనమును పిలువుడు. నొప్పి లేదని ధైర్యపడకుడు.