నావలోని విద్యుత్ గాదె

గాలికి వెల లేదు. తెరచాపను సరిగా ఎత్తి కట్టినచో గాలి నావను రేయింబవళ్లు నడపును. అది బొగ్గు నడుగదు, నూనె నడుగదు. పూర్వకాలపు నావికులు గాలిని, చుక్కలను నమ్ముకొని సముద్రములు దాటిరి. రాత్రివేళ వారికి నూనె దీపములే ఆధారము. నేటి తెరచాప నావయు గాలితోడనే నడచుచున్నది. కాని గాలి చేయలేని పనులు కొన్ని అందు కలవు. దీపములు వెలుగవలయును. నీటి లోతును, పోవు దిక్కును, ఉన్న చోటును తెలుపు పరికరములు పనిచేయవలయును. రేడియో పలుకవలయును. నావికుడు నిద్రించునపుడు చుక్కానిని పట్టియుండు యంత్రము మేల్కొనియుండవలయును. వీనికన్నిటికిని విద్యుత్తు కావలయును. నడిసముద్రమున విద్యుత్ స్తంభములు లేవు. కావున నావ తన విద్యుత్తును తానే సంపాదించి, తానే దాచుకొని, పొదుపుగా వాడుకొనవలయును. అట్లు దాచుకొను గాదెయే బ్యాటరీ. దానిని ఎట్లు ఎన్నుకొనవలయునో, ఎట్లు కాపాడుకొనవలయునో తెలిసికొందము.

2017 సెప్టెంబరు 10వ తేదీన భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అను తెరచాప నావలో గోవానుండి బయలుదేరిరి. ఆ నావ పొడవు 56 అడుగులు. వర్తికా జోషి నాయకత్వమున సాగిన ఆ బృందములో విశాఖపట్నమునకు చెందిన పి. స్వాతి, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య అను ఇద్దరు తెలుగు వనితలు ఉండిరి. వారు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్లండు దీవులు, దక్షిణాఫ్రికా, మారిషస్‌ల రేవులలో ఆగుచు భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన గోవాకు తిరిగివచ్చిరి. అట్టి యాత్రలో ఒక రేవు విడిచిన పిమ్మట వారములకొలది నేల కానరాదు. బ్యాటరీ చెడినచో అంగడికి పోయి వేరొకటి తెచ్చుకొనుటకు వీలులేదు.

బ్యాటరీ చెడుట యనగా కేవలము దీపమారిపోవుట కాదు. సూర్యాస్తమయమునుండి సూర్యోదయమువరకు ప్రతి నావయు దీపములు వెలిగింపవలెనని 1972వ సంవత్సరపు అంతర్జాతీయ నియమావళి శాసించుచున్నది. ఎడమవైపున ఎరుపు, కుడివైపున ఆకుపచ్చ, వెనుకవైపున తెలుపు దీపము ఉండవలయును. ఎదుటి ఓడవాడు ఆ రంగులను చూచియే ఈ నావ ఎటు పోవుచున్నదో గ్రహించును. దీపము లేని చిన్న నావ చీకటిలో పెద్ద సరకుల ఓడకు కనబడదు. బ్యాటరీని కాపాడుట ప్రాణములను కాపాడుటయే యని నావికులు చెప్పుట ఇందువలననే.

నావలలో బహుకాలముగా వాడబడుచున్నది సీసపు బ్యాటరీ. దానిని 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ఆయన రెండు సీసపు రేకుల నడుమ గుడ్డ నుంచి, చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ముంచెను. నేటి బ్యాటరీలోను మూలసూత్రము అదియే. ఒక పలకపై మెత్తని సీసము, రెండవ పలకపై లెడ్ డయాక్సైడు, వాని నడుమ ఆమ్లము ఉండును. ఇట్టి జత నొక ఘటమందురు. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టుల నిచ్చును. ఆరు ఘటములను వరుసగా కలిపినచో 12 వోల్టుల బ్యాటరీ యగును.

మనము విద్యుత్తును వాడుకొనునపుడు ఆమ్లములోని సల్ఫేటు రెండు పలకలను చేరి, వానిపై లెడ్ సల్ఫేటుగా మారును. ఆమ్లము క్రమముగా పలుచనై నీటికి దగ్గరగును. మఱల విద్యుత్తును లోనికి పంపినపుడు సల్ఫేటు పలకలను విడిచి ద్రవమును చేరును. ఆమ్లము మఱల చిక్కబడును. ఈ రాకపోకలే బ్యాటరీ జీవితము.

ఇచ్చటనే దాని ప్రధాన రోగమును గూడ తెలిసికొనవలయును. పలకలపై నేర్పడిన సల్ఫేటు మొదట సన్నని పొడివంటిది, సులభముగా కరిగిపోవును. దాని నట్లే దినములకొలది విడిచినచో అది గట్టి స్ఫటికములుగా పేరుకొనును. అట్లు పేరుకొనినది మఱల కరుగుట కష్టము. ఆ మేరకు పలక పనికిరాకుండ పోవును. అనగా, వాడుకచే అరిగిపోవుటకు ముందే, వాడి నింపక విడిచిపెట్టుటచే అనేక బ్యాటరీలు చచ్చుచున్నవి. ఈ యొక్క మాటను గుర్తుంచుకొన్నచో తక్కిన నియమములన్నియు తేటపడును.

బ్యాటరీలలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. మోటారు ఇంజనును కదలించు బ్యాటరీ కొన్ని క్షణములు మాత్రమే పనిచేయును. కాని ఆ క్షణములలో వందలకొలది ఆంపియర్ల ప్రవాహము నీయవలయును. అందుకు పలుచని పలకలను పెక్కింటిని అందు పేర్చుదురు. రెండవది డీప్ సైకిల్ బ్యాటరీ. ఇది కొద్దికొద్దిగా, గంటలకొలది, లోతువరకు విద్యుత్తు నిచ్చి, మఱల నింపుకొనదగినది. దాని పలకలు దళసరివి, గట్టివి. పరుగుపందెపు ఎద్దునకును దుక్కిటెద్దునకును గల భేదమే వీని నడుమ కలదు. పందెపు ఎద్దును దినమంతయు అరకకు కట్టినచో అది కూలబడును. అట్లే ఇంజను బ్యాటరీతో రాత్రియంతయు దీపములు వెలిగించినచో దాని పలుచని పలకలు త్వరలోనే రాలిపోవును.

ఇక ఎంత బ్యాటరీ కావలయునో లెక్క వేయుదము. గాదెలోని ధాన్యమును పుట్లలో కొలిచినట్లు, బ్యాటరీలోని విద్యుత్తును ఆంపియర్-గంటలలో కొలుతురు. ఒక ఆంపియరు ప్రవాహమును ఒక గంట వాడినచో ఒక ఆంపియర్-గంట. 12 వోల్టుల నావ నొకదానిని ఊహింపుడు. దాని ఒక దినపు వాడుక యిట్లున్నదనుకొందము: రాత్రి దీపములకు 4, లోతును దిక్కును తెలుపు పరికరములకు 24, రేడియోకు 12, చుక్కాని యంత్రమునకు 36, శీతలపు పెట్టెకు 50, లోపలి దీపములకు, నీటి పంపునకు 4. మొత్తము 130 ఆంపియర్-గంటలు. ఈ పట్టికను చూడగానే పొదుపు ఎచ్చట సాధ్యమో తెలియుచున్నది. దీపముల నార్పుటవలన లాభము స్వల్పము. శీతలపు పెట్టెను అదుపులో నుంచుటవలన లాభము అధికము.

అట్లని 130 ఆంపియర్-గంటల బ్యాటరీ చాలునా? చాలదు. సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేయరాదని అనుభవజ్ఞుల మాట. ఎంత లోతుగా వాడిన, అంత త్వరగా దాని ఆయువు తీరును. కావున కనీసము 260 కావలయును. ఇంకొక చిక్కు కలదు. బ్యాటరీ నూటికి ఎనుబది పాళ్లు నిండువరకు విద్యుత్తును వేగముగా గ్రహించును. చివరి యిరువది పాళ్లు మాత్రము మిక్కిలి నెమ్మదిగా నిండును, గంటలు పట్టును. నడిసముద్రమున అంతసేపు ఇంజను నడపుట తరము కాదు. అందువలన ప్రయాణములో నిత్యము అందుబాటులో నుండునది ఎనుబదికిని ఏబదికిని నడుమ గల ముప్పది పాళ్లే. 130 అందులో ఇమిడిపోవలెనన్న సుమారు 430 ఆంపియర్-గంటల గాదె కావలయును. గోల్ఫ్ మైదానములలో తిరుగు చిన్న బండ్లకు వాడు 6 వోల్టుల బ్యాటరీలను పలువురు నావికులు ఇందుకు ఎన్నుకొందురు. ఒక్కొక్కటి సుమారు 220 ఆంపియర్-గంటలది. రెంటిని వరుసగా కలిపినచో 12 వోల్టులగును. అట్టి జతలు రెండింటిని ప్రక్కప్రక్కగా కలిపినచో 440 ఆంపియర్-గంటలగును. క్రొత్తదానిని పాతదానితో జతపరుపరాదు. బలహీనమైనది బలమైనదానిని గూడ తన స్థితికి దింపును.

ద్రవము నింపిన బ్యాటరీ చౌకయైనది, మన్నికయైనది. కాని నావ ఒరిగినపుడు దాని ఆమ్లము చిందవచ్చును, నీరు పోయుచుండవలయును. ఆమ్లమును గాజు నూలు చాపలో ఇంకించినవి, జిగురుగా చేసినవి వేరుగా కలవు. అవి చిందవు, నీరడుగవు. కాని వెల యెక్కువ, అతిగా నింపినచో బాగుపడవు. ఇటీవల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వచ్చినవి. అవి చాల తేలిక. ఎనుబది పాళ్లవరకు వాడుకొన్నను చెడవు. సగము నిండియున్నను వానికి సల్ఫేటు రోగము లేదు. కాని వానికొక కాపలా పరికరము తప్పనిసరి. ఆపద యని తోచినపుడు అది విద్యుత్తును హఠాత్తుగా నిలిపివేయును. గడ్డకట్టు చలిలో వానిని నింపరాదు. ఎన్నిక చేయువాడు తన ధనమును, ప్రయాణపు దూరమును, నావలోని నింపు సాధనములను చూచి నిర్ణయించుకొనవలయును.

ఏ జాతిని ఎన్నుకొన్నను ఇంజనును కదలించు బ్యాటరీని వేరుగా నుంచవలయును. రైతు ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలను వండుకొనడు. వానిని తినివేసినచో మరుసటి పంట లేదు. నావకు ఇంజను బ్యాటరీ అట్టిది. ఇంటి వాడుక బ్యాటరీ ఖాళీయైనను, ఆ వేరు బ్యాటరీతో ఇంజనును కదలించి మఱల అన్నిటిని నింపుకొనవచ్చును. గాలి పడిపోయి, కెరటములు నావను రాళ్లవైపు నెట్టుచున్నపుడు ఇంజను కదలకున్న ఏమగునో ఊహింపుడు.

కూర్చుండి తిన్నచో కొండలైనను తరుగును. నావలోని రాబడి మార్గములు ముఖ్యముగా రెండు: సూర్యుడు, ఇంజను. 200 వాట్ల సౌరఫలకము మంచి యెండలో దినమునకు సుమారు 60 ఆంపియర్-గంటలిచ్చును. నింపునపుడు కొంత వృథాయగును గాన, వాడిన 130కి బదులు 150 వరకు తిరిగి చెల్లింపవలయును. తక్కినది ఇంజనుకు బిగించిన ఆల్టర్నేటరునుండి రావలయును. నింపుటయు మూడు దశలలో జరుగును. మొదట ప్రవాహము ధారాళముగా పోవును. వోల్టేజి సుమారు 14.4 చేరిన పిమ్మట దానిని అచ్చటనే నిలుపగా ప్రవాహము తనంతట తగ్గుచు వచ్చును. నిండిన తరువాత సుమారు 13.5 వోల్టుల వద్ద కాపాడవలయును. ఖచ్చితమైన అంకెలు తయారుచేసినవారి పత్రమును బట్టి యుండును. ప్రయాణములో పూర్తిగా నింపుట కుదరకున్నను, వారమున కొకమారైనను సీసపు బ్యాటరీని నిండుగా నింపుట మేలు. పేరుకొనబోవు సల్ఫేటు అపుడు కరిగిపోవును.

గాదెలో ఎంత మిగిలినదో చూచుకొనుట ఎట్లు? కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చి వోల్టేజి చూడవలయును. 12.7 ఉన్నచో నిండుగా నున్నదని, 12.2 ఉన్నచో సగమైనదని స్థూలముగా నెంచవచ్చును. ద్రవము గల బ్యాటరీలో హైడ్రోమీటరుతో ఆమ్లపు చిక్కదనమును చూచుట ఇంకను నమ్మదగినది. నిండినపుడు సుమారు 1.265, సగమైనపుడు సుమారు 1.190 చూపును. ఆరు ఘటములలో ఒకటి మాత్రము తక్కువ చూపినచో అది రోగము మొదలైన ఘటమని తెలియవలయును. ద్రవము తగ్గినపుడు స్వేదనజలమునే పోయవలయును. కుళాయి నీటిలోని లవణములు పలకలకు హాని చేయును. పలకలు మునిగియున్నచో నింపిన పిమ్మటనే నీరు పోయుట మంచిది. ముందు పోసినచో ద్రవము ఉబికి పొర్లిపోవును. ధ్రువములను శుభ్రపరచి, బిగించి, పైన వాసెలిన్ పూయవలయును. సముద్రపు ఉప్పు గాలికి రాగి తీగలు త్వరగా చిలుమెక్కును.

ప్రమాదములను గూడ మరువరాదు. నిండుచున్న బ్యాటరీనుండి ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినచో అది నిప్పురవ్వకు మండును. కావున బ్యాటరీ గదికి గాలి యాడు మార్గముండవలయును. అచ్చట అగ్గిపుల్ల గీయరాదు. ఇనుప పనిముట్టు రెండు ధ్రువములకును తగిలినచో క్షణములో ఎర్రగా కాలును. సముద్రపు నీరు ఆమ్లములో చేరినచో విషవాయువైన క్లోరిన్ పుట్టవచ్చును. తొలినాటి జలాంతర్గాములలో నావికులు దీనికి మిక్కిలి భయపడెడివారు. ఇట్టి నాలుగు బ్యాటరీలు నూరు కిలోలకు మించి తూగును. కావున వానిని ఆమ్లమునకు చెడని పెట్టెలో, నావ అడుగున, నావ ఎంత ఒరిగినను కదలకుండ పట్టీలతో బిగింపవలయును.

ప్రయాణము ముగిసి నావ రేవున నిలిచినపుడే బ్యాటరీకి అసలైన గండము. ఎవరును చూడరు. ఎచ్చటనో ఒక చిన్న దీపమో పరికరమో వెలుగుచునే యుండును. గాదె క్రింద పందికొక్కువలె అది రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా తినివేయును. ఏమియు వాడకున్నను సీసపు బ్యాటరీ తనంతట కొంత తరుగును. వేడి ప్రదేశములలో మఱింత త్వరగా తరుగును. కావున నిండుగా నింపి, తీగలను విడదీసి, నెల కొకమారు చూచి మఱల నింపవలయును.

విద్యార్థులారా! మీలో పెక్కుమంది సముద్రయానము చేసియుండరు. ఐనను మీ యిండ్లలో ఇన్వర్టరుకు తగిలించిన సీసపు బ్యాటరీ ఉన్నచో అది నావలోని బ్యాటరీకి తోబుట్టువే. దాని ద్రవమట్టము చూపు గుర్తును ఈ దినమే పెద్దల సమక్షమున పరిశీలింపుడు. దానిని ముట్టుకొనక, మూతలు తీయక, చూచి మాత్రము చెప్పుడు. ఎంత దాచితిమి, ఎంత తీసితిమి, ఎప్పుడు తిరిగి పెట్టితిమి అను మూడు లెక్కలు సరిగా నున్న గాదె ఇంటనైనను నడిసముద్రముననైనను అక్కరకు వచ్చును.